వందో మెసేజ్ తర్వాత

2011, సకల జనుల సమ్మె రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో నాది మొబైల్ రీచార్జ్ కొట్టు. బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ చదివినందుకు బోర్డు మీద పేరు పక్కన డిగ్రీ కూడా రాయించాను. దాని కింద, "ఏ సమస్య ఉన్నా ఫోన్ చేయండి" అని. బంద్ రోజుల్లో షట్టర్ సగం దించి కూర్చునేవాణ్ణి. దించిన సగం ఉద్యమానికి, మిగతా సగం వ్యాపారానికి.

యాదగిరి పాత గిరాకీ. పోచంపల్లి నేతకారుల ఇంటి మనిషి, పక్క చీరల దుకాణంలో పని. అతనికీ, భార్య స్వర్ణకూ పుట్టుకతోనే వినబడదు. మా ముచ్చట్లన్నీ నా ఫోన్‌లో డ్రాఫ్ట్ మీద, అంటే రాసి పంపని మెసేజ్ మీద సాగేవి. నేను టైపు చేస్తుంటే పక్కన నిలబడి చదివేవాడు. జోకు సగంలో ఉండగానే నవ్వేవాడు. మిగతా సగం ఎలాగూ అంత బాగుండేది కాదు.

ఒక ఉదయం షట్టర్ కింద నుంచి వంగి వచ్చి డ్రాఫ్ట్‌లో రాశాడు: "అన్నా, మెసేజ్ పోతలేదు. స్వర్ణకు నొప్పులు మళ్ల మొదలైనయంట. జర చూడు."

నెలలు నిండిన స్వర్ణ వనస్థలిపురంలో కిరాయి ఇంట్లో ఒక్కతే ఉంది. ఇంటి ఓనరమ్మ విజయవాడ వెళ్ళి, బస్సుల్లేక అక్కడే చిక్కుకుపోయింది. అప్పటికి రెండుసార్లు యాదగిరి పని వదిలి నడుచుకుంటూ ఇంటికి పోతే, అవి ఉత్త నొప్పులే అయ్యాయి. మూడోసారి నిజమో కాదో తెలియాలి.

సిమ్ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాను. మా వృత్తిలో అది నాడి పట్టుకోవడం లాంటిది. రోగం తెలియదు, రోగికి ధైర్యం. తర్వాత కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను.

"కొత్త రూల్ సర్. రోజుకు ఒక సిమ్ నుంచి వంద మెసేజ్‌లే. అర్జెంటైతే కాల్ చేయమనండి."

"అమ్మా, ఆయనకు వినబడదు."

"వాళ్ళ మిసెస్‌తో చేయించండి సర్."

"ఆమెకూ వినబడదు."

కాసేపు లైన్‌లో సంగీతం వచ్చింది. "రేపు మళ్ళీ పంపుకోవచ్చు సర్."

ప్రకటనల బెడద తగ్గించడానికి పెట్టిన నిబంధన అది. నిజానికి వందంటే నాకూ ఎక్కువే అనిపించింది. "పొద్దుగాల్నే వంద ఎట్ల అయినయ్?" అని రాశాను.

"నువ్వు ఫోన్ల ఊ, ఆ అంటవ్ గద. మాకు గా 'ఊ' గూడ మెసేజే."

నేను మూడేళ్ళుగా ఇతనికి టాక్‌టైమ్ ఆఫర్లు చెబుతున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

స్వర్ణ కోటా కూడా అయిపోయి ఉంటుంది. మెసేజ్ పంపడం కుదరదు గానీ, వచ్చింది చదవగలదు. నా ఫోన్ నుంచి పంపాను: "యాదగిరి నా దగ్గర ఉన్నడు. ఈ నంబరుకు మిస్డ్ కాల్ ఇయ్యి. ఒకటైతే పర్వాలేదు. రెండైతే రావాలె." ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టి అతని అరచేతిలో ఉంచాను.

ఒకసారి అదిరింది. యాదగిరి ఊపిరి వదిలి ఫోన్ తిరిగి ఇవ్వబోయాడు. మా ఇద్దరి చేతుల మధ్య అది మళ్ళీ అదిరింది.

షట్టర్ మొత్తం దించి స్కూటర్ తీశాను. ఎల్బీ నగర్ చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి నిరసన వంటావార్పు నడుస్తోంది. జెండా పట్టుకున్న ఒకాయన అడ్డమొచ్చి యాదగిరిని అడిగాడు.

"యాడికి? బంద్ ఉన్నది తెల్వదా? ఏంది, మాట్లాడవేంది?"

"ఆయనకు వినబడదన్నా," అన్నాను. "ఇంట్ల భార్యకు నొప్పులు. ఒక్కతే ఉంది."

ఆయన వెనక్కి తిరిగాడు. "ఏయ్, అన్నం గంజు జరపుండ్రి. నర్సింగ్, నీ ఆటో తీయ్. ఈళ్ల ఎంబడి పో."

నర్సింగ్ సమ్మెలో ఉన్న ఆటోడ్రైవర్. మేం వెళ్ళేసరికి స్వర్ణ సంచి సర్దుకుని, ఫోన్ పట్టుకుని గడపలో కూర్చుని ఉంది. సాయంత్రానికి ఆస్పత్రిలో ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం.

రాస్తున్న అక్షరం రాసినట్టే అవతలివాళ్ళకు కనబడే పద్ధతిని రియల్ టైమ్ టెక్స్ట్ అంటారని, దానికి ప్రమాణాలు కూడా ఉన్నాయని తర్వాత చదివాను. యాదగిరికి గొప్పగా చెప్పాను. "మన కౌంటర్ లెక్కనే గద," అని రాశాడు.

అవును మరి. అతను నిలబడే ఆ కౌంటర్‌కు సరిగ్గా పైనే, "ఏ సమస్య ఉన్నా ఫోన్ చేయండి" అని ఇన్నాళ్ళూ నా బోర్డు వేలాడింది. అతను రోజూ అది చదువుకుంటూనే లోపలికి వచ్చేవాడు. ఆ వారమే పెయింటర్‌ను పిలిచాను. "మెసేజ్ చేసినా సరే" అని చేర్చాలంటే చోటు చాల్లేదు.

డిగ్రీ తీసేయించాను.