నావ మీద ఆడపాదం

రాష్ట్రం విడిపోయిన ఏడాది, ఎన్నికల ప్రచారం జోరులో ఉండగా, మా రేవులో ఎవరో పాత చెక్కనావకి తారు పూస్తున్నారు. ఆ వాసనకి నా చిన్నప్పటి భయం గుర్తొచ్చింది.

నాకప్పుడు ఏడేళ్లు. మా వైపు నుంచి పార్లమెంటుకి నిలబడ్డ మొదటి ఆడమనిషి మా ఊరొచ్చింది. జనానికి కనబడాలని, కొత్తగా తారు పూసిన మా నావ ఎక్కి మాట్లాడింది. వేటకెళ్లే నావ మీద ఆడది కాలు పెడితే సముద్రం మగాణ్ణి తిరిగి పంపదని మా నమ్మకం.

నేను పులిలా దూకి ఆవిడకి అడ్డం నిలబడ్డానని మనవలకి చెబుతుంటాను. ఉత్తిదే. వలల గుట్ట వెనక నక్కి లాగు తడుపుకున్నాను.

“అయ్యా, రేపు వేటకెల్లకు,” అని నాన్న కాళ్లు చుట్టేసుకున్నాను.

“ఒరే, మీ అమ్మ సేపలమ్మితేనే మనకి కూడు. ఆ సెయ్యి మంచిదీ, ఈయమ్మ కాలు సెడ్డదేటిరా?” అని నవ్వి, తెల్లారి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి అందరి నావలూ వచ్చాయి. మాది రాలేదు. అమ్మ ఖాళీ గంప పక్కన కూర్చుంది. పొద్దు వాలుతుంటే, చిరిగిన వలతో నాన్న దిగాడు.

“ఏటిరా, ఇంకా ఏడస్తన్నావా?”

ఆవిడ గెలిచింది. ఢిల్లీలో పెద్దపెద్దోళ్ల నోళ్లు మూయించిందని, ఎంత ధైర్యమోనని ఊరంతా చెప్పుకుంది. వలల వెనక నుంచి నాకు కనబడింది మాత్రం నావ చెక్క మీద వణికిన ఆవిడ కాలివేళ్లు. అప్పుడు, శాపం నావలోకి దిగుతోందనుకున్నాను.

ఆవిడా బెస్తోళ్ల పిల్లే. ఆ నమ్మకం వింటూనే పెరిగుంటుంది.