అక్క మణికట్టు మీది అల

ఆ వీధిలో అతన్ని ఫోన్ల డాక్టరు అంటారు. కింద రిపేరు కొట్టు, పైన గది, గదిలో అక్క. నడివయసులో వచ్చిన జబ్బు ఆవిడ చూపునీ వినికిడినీ కూడా పట్టుకుపోయింది. మాట మాత్రం మిగిలింది. తమ్ముడు ఏం చెప్పాలన్నా ఆవిడ అరచేతిలో వేలితో అక్షరాలు రాసేవాడు. చిన్నప్పుడూ కోడి కెలికినట్టే రాసేవాడివి, ఇప్పుడూ అంతే అని నవ్వేదావిడ.

అయితే పగలంతా ఒంటరిగా ఉండాలి. ఎవరైనా వచ్చి చెయ్యి పట్టుకుంటే ఉలిక్కిపడేది. అందుకని కొట్లోంచే ఆవిణ్ణి పలకరించేలా మణికట్టుకు ఒక పట్టీ చెయ్యాలనుకున్నాడు. చచ్చిన ఫోన్లలోంచి వణికే బుల్లి మోటార్లు పీకాడు. వణుకును మలచడానికి కంప్యూటర్లో ఒక సాఫ్ట్‌వేర్ దొరికింది. ఒకరి ముఖం ఒకరికి తెలియనివాళ్లెందరో కలిసి రాసి, కోడ్‌తో సహా ఊరికే జనానికి వదిలేసినది. తెర మీద గీత గీస్తే అదే వణుకవుతుంది. గీత ఎత్తు పెంచితే బలం పెరుగుతుంది.

రోజూ ఆ కొట్లో కాసేపు కూర్చునేవాణ్ణి నేను. వాయిద్యాలు శ్రుతి చేసేవాళ్లను చాలా ఊళ్లలో చూశాను గానీ అంత ఓపిక చూడలేదు. తాకడానికి మనకెన్ని మాటలు! తట్టడం, నిమరడం, తడమడం, పొడవడం, గిల్లడం. అతను నిమరడం కోసం వెతికాడు. చివరికి ‘ఇక్కడే ఉన్నా’ అనే అర్థానికి ఒక అల కుదిరింది. వేలికొన మీద పెట్టి చూసుకుంటే మెత్తగా ఉంది.

పట్టీ కట్టి, అర్థం అరచేతిలో రాసి, తెలిస్తే మంచం పక్కనున్న గంట కొట్టమన్నాడు. కిందికి దిగి మీట నొక్కాడు. గంట మోగలేదు. అందలేదు కాబోలనుకుని గీత ఎత్తు పెంచాడు. మళ్లీ నొక్కాడు. మళ్లీ పెంచాడు. సాయంత్రం పైకి వెళ్తే అక్క పట్టీ విప్పేసి కూర్చుంది.

"బరువైతే చెప్పెయ్‌రా. ఇక్కడే ఉన్నా, ఇక్కడే ఉన్నా అంటూ పొద్దస్తమానం ఇలా కసురుకోకు."

కాదని రాయబోతే పిడికిలి బిగించేసింది.

అతను పట్టీని తన చెంపకు ఆనించుకుని నొక్కితే దవడ అదిరింది. ఏళ్ల తరబడి తీగలు అతికే సోల్డరింగ్ వేడికి అతని వేలికొనలు తోలైపోయాయి. వాటికి నిమిరినట్టున్నది ఆవిడకు చెంపదెబ్బ.

"నా వేళ్లకేం తెలీదు బాబాయ్. ఆ సంగతే మర్చిపోయి గీశాను" అన్నాడు నాతో.

చెంప మీద సరిచూసుకుంటూ అల మళ్లీ గీశాడు. ఇంకెవరికైనా పనికొస్తుందని ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లకే పంపాడు. ఎక్కడినుంచో ఎవరో, దాంతో మా అమ్మ నవ్విందని రాశారు. అది నాకు చూపించి ఫోను బోర్లా పెట్టేశాడు.

సంగతి రాసి చెబుదామన్నా అక్క చేతులు దుప్పట్లోంచి బయటికి రావడం మానేశాయి. అన్నం పెట్టేటప్పుడు నోరు తెరుస్తుంది, అంతే. మాట కూడా మానేసింది. మొన్న నేను పైన కూర్చునుండగా అతను కిందనుంచి నొక్కాడు. స్టూలు మీది పట్టీ మెత్తగా వణికింది. పక్కనున్న గ్లాసులో నీళ్లు కదిలాయి. ఆవిడ గోడవైపు తిరిగి పడుకునే ఉంది.