మెర్డెకా బొమ్మలో అక్క చోటు

ఇటలీలో పట్టణాల బొమ్మలు వేసిన ఒక చిత్రకారుడు మనుషుల్ని ముందు విడిగా కాగితాల మీద గీసుకునేవాడట. బుట్ట మోసేవాడు, నడుం మీద చెయ్యేసుకున్న ఆడమనిషి, అటు తిరిగి నిలబడ్డవాడు. ఆ తర్వాత వాళ్లను తెచ్చి తన వీధుల్లో నిలబెట్టేవాడు. మలయాలోని సుంగై సిపుట్ బడిలో కొత్తగా టీచరుగా చేరినప్పుడు ఒక పాత పుస్తకంలో ఆ గీతలు చూశాను. దేశానికి స్వాతంత్ర్యం వస్తోందని, ఆ పండగ మెర్డెకా నాటికి బడి గోడ మీద మా బజారు బొమ్మ వెయ్యమన్నారు. ఇంకేముంది, నేనూ ఆయనలాగే చేస్తానని బయల్దేరాను.

మా నాన్న రబ్బరు తోటలో గుమాస్తా. ఆ తోటలో రబ్బరు చెట్ల పాలు తీసే ఒక అక్కను పట్టుకుని, పని అయ్యాక రెండు బకెట్ల కావిడితో నిలబెట్టేదాన్ని. అడవిలోని కమ్యూనిస్టుల మీద తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. చీకటి పడకముందే కూలీల ఇళ్ల చుట్టూ ఉన్న ముళ్లకంచె గేటు మూసేసేవారు. ఒకరోజు నా గీత కుదరక ఆమెను చీకటి పడేదాకా ఆపేశాను. గేటు దగ్గర కాపలావాడు నానా మాటలూ అన్నాడట. అయినా మర్నాడు వచ్చింది.

"బజారు బొమ్మలో నన్నూ ఏత్తావా పాపా?"

"నడిమధ్యన నువ్వే అక్కా."

ఆ మాట నా నోటితో నేనే అన్నాను.

తీరా గోడ దగ్గరికి వచ్చేసరికి నా బుద్ధి గడ్డి తింది. రబ్బరు పాలు ఎండి నల్లబడ్డ ఆ బట్టలు పండగ బొమ్మలో ఏం బాగుంటాయనిపించింది. హెడ్మాస్టరు వద్దనలేదు, నాన్న వద్దనలేదు. నాకే నామోషీ. ఆ చోట గొడుగు పట్టుకున్న పట్నం ఆవిడను వేసి చేతులు దులుపుకున్నాను.

మెర్డెకా నాడు ఆమె తలనిండా పూలు పెట్టుకుని, తోటి ఆడవాళ్లను నలుగురిని వెంటబెట్టుకుని వచ్చింది. గోడంతా వెతికింది.

"ఏదీ పాపా, నానేదీ?"

నేను గొడుగావిడను చూపించాను. "అదిగో అక్కా. పండగ కదా, మంచి చీర కట్టించాను."

"నీకు గొడుగెక్కడిదే?" అని పక్కావిడ నవ్వింది.

అక్క బొమ్మను చాలాసేపు చూసింది. నా ముఖమూ చూసింది. తర్వాత వాళ్లవైపు తిరిగి, "నానేనే. ఆ నిలబడ్డం నాదే," అంది.

ఆమెకు తెలిసిపోయింది. నలుగురిలో నా పరువు పోకుండా అబద్ధమాడింది. ఆ తర్వాత ఎక్కడ కనబడినా తనే నవ్వుతూ పలకరించేది. నేను తొందర పని ఉన్నదానిలా తల దించుకుని వెళ్లిపోయేదాన్ని.