మామయ్య మెగ్నీషియం పరీక్ష

తినే అన్నం మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. మా ఊళ్లో నా ఒట్లను ఎవరూ లెక్క చేయరన్న సంగతి మీకు తెలియదు కాబట్టి ధైర్యంగా వేస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా నాన్నకీ, మా అమ్మ తమ్ముడైన మామయ్యకీ ఒకేరోజు రక్తపరీక్ష చేయించాం. ఇద్దరికీ షుగరు హద్దు మీద ఉంది. అన్నం తగ్గించి రోజూ నడవమనీ, మూడు నెలలయ్యాక చూసి మందులు వేయాలో వద్దో చెబుతాననీ గుంటూరు డాక్టరుగారు అన్నారు. నాన్న తేలిగ్గా తీసుకున్నాడు. మామయ్య మాత్రం భయపడ్డాడు. షుగరు ముదిరి మా అమ్మమ్మకు కాలివేళ్లు తీసేశారు. ఆ పుండుకు రోజూ కట్టు మార్చింది ఆయనే.

మర్నాడు ఆయన చేతిలో మెగ్నీషియం బిళ్లల సీసా ఉంది. ఇవి వేసుకుంటే షుగరు దరికి రాదని మందుల షాపాయన చెప్పాడట. మామయ్యకు ఆ మాట పత్తిచేలోంచి అర్థమైంది. పత్తి ఆకు ఎర్రబారితే మేం కొట్టేదీ మెగ్నీషియమే.

డాక్టరుగారిని అడిగితే, "ఒంట్లో లోటుంటే పనికి రావచ్చండి. లోటు లేనివాళ్లకి షుగరు తగ్గిస్తుందని గట్టిగా చెప్పలేను. మీ కిడ్నీలు బాగానే ఉన్నాయి, మోతాదు మించకుండా వేసుకోండి. నడక మాత్రం మానొద్దు" అన్నారు.

మామయ్య ఏ కొత్త మందొచ్చినా చేనంతా కొట్టే మనిషి కాదు. మధ్యలో నాలుగు సాళ్లు వదిలేసి, వాటితో పోల్చి చూస్తేనే నమ్మేవాడు. అందుకని ఆ సాయంత్రం మా ఇంటికొచ్చాడు.

"బావా, బిళ్ల నేను వేసుకుంటా. నువ్వొద్దు. తిండీ నడకా ఇద్దరికీ ఒకటే."

"అయితే నేనేంట్రా?" అన్నాడు నాన్న.

"నువ్వు వదిలేసిన సాలువి."

"పురుగు పడితే?"

"అక్క ఏరేస్తదిలే."

"ఇద్దరికీ జొన్నరొట్టే. అన్నం అన్నారంటే ఊరుకోను" అంది అమ్మ వంటింట్లోంచి.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే నల్లపాడు స్టేషను దాకా ఇద్దరూ నడిచేవారు. ఒక పెళ్లిలో నాన్న విస్తట్లో పడిన లడ్డూను మామయ్య అందరి ముందూ తీసేశాడు. "పోలిక చెడిపోద్ది బావా" అన్నాడు. ఒకరోజు ప్యాసింజరు రైలు పక్కగా వస్తుంటే, దాన్ని దాటి ముందే స్టేషను చేరాడు. డ్రైవరు తల బయటపెట్టి నమస్కారం చేశాడు.

మూడు నెలలయ్యాక పరీక్ష చేస్తే ఇద్దరి షుగరూ హద్దు దిగింది, దాదాపు ఒకేలా.

"నీ బిళ్లలు పనిచేశాయిరా" అన్నాడు నాన్న.

మామయ్య రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "వదిలేసిన సాలు కూడా పచ్చగానే ఉంది గదా బావా. ఇంక బిళ్ల గొప్పేముంది?" అన్నాడు.

ఇద్దరు మనుషులతో ఏదీ తేలదనీ, ఏటా పరీక్ష చేయించుకోమనీ డాక్టరుగారు చెప్పారు. షాపాయన మాత్రం మా ఊరొచ్చి, ఆ బిళ్లల వల్లే తగ్గిందని నలుగురికీ చెప్పమని బతిమాలాడు.

"నడిచానని చెబుతా. బిళ్ల తగ్గించిందని నా నోట రాదు" అన్నాడు మామయ్య.

పక్కచేలో పురుగు చచ్చిందని వినగానే ఊరంతా అదే డబ్బా కోసం పరిగెత్తే రోజులవి. అమ్మమ్మ కాలు చూసిన భయంతో ఆ బిళ్లలను నమ్మేయడానికి అందరికంటే ఎక్కువ కారణం ఉన్నవాడు మామయ్యే. అయినా తనకు కనిపించినదానికి మించి ఒక్క మాట అనలేదు. అలాంటి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఇక నేను కల్పించింది చెప్పాలి. రైలు అబద్ధం. మామయ్య అంత వేగంగా ఒక్కరోజు కూడా నడవలేదు. నాన్న మోకాలు పట్టేసి మైలురాయి దగ్గర కూలబడితే, తనూ పక్కన కూర్చునేవాడు. ముందుకు పొమ్మని నాన్న ఎంత కసిరినా కదిలేవాడు కాదు. నడక ఇద్దరికీ ఒకటే అనుకున్నాం గదా అనేవాడు.