పదకొండు రోజుల ఛాంపియన్

పొద్దున ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా వసంతకు ఊపిరి సలపదు. కొండాపూర్ వైపు గేటు దగ్గర ఆడవాళ్ల తనిఖీకి చిన్న పరదా గది ఒకటుంది. ఆఫీసు బస్సులు దిగిన అమ్మాయిలందరూ అందులోంచే లోపలికి పోవాలి. చేతిలో మెటల్ డిటెక్టర్ పట్టుకుని భుజాలు, నడుము, బ్యాగు. మళ్లీ భుజాలు, నడుము, బ్యాగు. నలభై రెండేళ్ల మనిషి. యూనిఫాం చొక్కా భుజాల దగ్గర ఎప్పుడూ బిగుతే. ఆ భుజాలు ఎక్కడివని ఎవరూ అడగరు. అడిగితే మాత్రం చెబుతుందా ఏమన్నానా!

తొమ్మిదీ పదికి కిరణ్మయి వస్తుంది. ఏడో అంతస్తులో పెద్ద ఉద్యోగం. ఆమె కుడి భుజం దగ్గరికి రాగానే డిటెక్టర్ కుయ్యిమంటుంది. మూడేళ్ల కిందట ఈ ఆఫీసులో చేరిన మొదటిరోజున, వసంత మొహం చూడకుండానే, "లోపల ప్లేటు వేశారండి," అంది కిరణ్మయి. అండి! ఒకప్పుడు "వసంతక్కా, నువ్వుంటే నాకు భయం లేదు," అన్న నోరే అది. వసంత కూడా తక్కువ తినలేదు, "పోండి మేడమ్," అంది. అప్పటినుంచి రోజూ ఆ కూతా, ఆ "పోండి మేడమ్" అన్న మాటా, అంతే.

ఆ భుజంలో ప్లేటు పడటానికి కారణం తానేనని వసంత ఏడేళ్లుగా అనుకుంటోంది.

వసంతది చందానగర్. తండ్రి ఐలయ్య తాలీంలో మట్టి పూసుకుని కుస్తీ పట్టినవాడు. కొడుక్కి ఒళ్లు వంగక, కూతురికి పట్లు నేర్పాడు. చలపతిరావు అనే ఆయన అక్కడ ఫంక్షన్ హాలు తీసుకుని, టీవీలో చూపించే రకం కుస్తీ ప్రదర్శనలు ఆదివారం సాయంత్రాలు మొదలుపెట్టినప్పుడు వసంత చేరింది. అందులో ఎవరు గెలవాలో ముందే ఖాయం. ఓస్, అంతా నాటకమేనా అని పెదవి విరిచేవాళ్లకు ఒక్కటే మాట: గెలుపు ముందే ఖాయమైనా, ఎత్తి పడేస్తే నేల మెత్తబడదు.

వసంత పని ఓడిపోవడం. కొత్తగా వచ్చిన అమ్మాయిల్ని దెబ్బ తగలకుండా పడేయడం, వాళ్లు పడేస్తే చూసేవాళ్ల గుండె గుభేలుమనేలా తాను పడటం. దానికామె పెట్టుకున్న నియమం ఒకటుంది. "కుడి చెయ్యి పట్టుకుంట. ఒక్కసారి నొక్కుత. మంచిగుంటే మల్ల నొక్కాలె. నొక్కకుంటే ఆట బంద్," అని ప్రతి పిల్లకూ చెప్పేది. అరవైమందికి పైగా పిల్లల చేతుల్లో ఓడింది, ఒక్కరికీ చెయ్యి విరగలేదు.

చలపతిరావు ఆడవాళ్లకని ఒక బెల్టు చేయించాడు. గేదె తోలు, ఇత్తడి బిళ్ల. దానికో ఆనవాయితీ: గెలిచినామె మర్నాడు రింగు అంచున కూర్చుని, మేకూ సుత్తీ పట్టుకుని, తోలు వెనకవైపు చుక్క చుక్కగా తన పేరు తానే కొట్టుకోవాలి. మొదట గెలిచింది రసజ్ఞ, డాన్సు టీచరు. పేరులో ఆ మూడో అక్షరానికే మూడు మేకులు వంచింది పాపం. తరవాత ఉమాశ్రీ. ఆ తరవాత కిరణ్మయి. భీమవరం పిల్ల, వారమంతా కంప్యూటరు, ఆదివారం రింగు. పధ్నాలుగు నెలలు ఆ బెల్టు నడుము దింపలేదు. ముగ్గురూ బెల్టు గెలిచిన రోజున కింద పడింది వసంతే.

ఏడేళ్ల కిందటి ఆదివారం కిరణ్మయి పైతాడు మీంచి దూకబోయి జారి, కుడి భుజం మీద పడింది. ముందు అనుకున్నదేమంటే, గురి తప్పినట్టు కిరణ్మయి కింద పడగానే వసంత ఆమె మీద పడి అదిమిపట్టాలి, రిఫరీ సాయిచంద్ "రెండు" అనగానే కిరణ్మయి భుజం ఎత్తాలి. వసంత అదిమింది. చెయ్యి నొక్కింది. జవాబు లేదు. మళ్లీ నొక్కింది. లేదు. మూడోసారీ లేదు. భుజం లేవకపోతే ఎవరేమనుకున్నా సరే రిఫరీ లెక్క పూర్తి చేయాల్సిందే. సాయిచంద్ "మూడు" అన్నాడు. అంటే గెలుపూ, బెల్టూ వసంతవి. హాలు గొల్లుమంది. కిరణ్మయిని దవాఖానకు తీసుకుపోయారు. ఆమె మళ్లీ రింగు ఎక్కలేదు.

ఆ హడావుడిలో బెల్టు వసంత ఇంట్లోనే పదకొండు రోజులు ఉండిపోయింది. ఒక పొద్దున ఆశ పట్టలేక మేకు తీసుకుంది. ఒక్క దెబ్బ కొట్టింది. రెండో దెబ్బకు చెయ్యి లేవలేదు. పన్నెండోరోజు పట్టుకెళ్లి ఇచ్చేసింది. ఆ రోజు గెలుపు లెక్కలోకి రాదని చలపతిరావు తేల్చేసి, గెలిచినవాళ్ల పట్టీలో ఆ చోటు "ఖాళీ" అని రాయించాడు. వసంత కూడా మళ్లీ రింగు మొహం చూడలేదు.

ఇప్పుడా బెల్టుకు పదేళ్లు నిండుతున్నాయని, గచ్చిబౌలిలో పనిచేసే ఉదయ్ భాస్కర్ అనే అభిమాని దాని చరిత్ర ఇంటర్నెట్‌లో పెడుతున్నాడు. బెల్టు ఫొటోలు తీస్తుంటే వెనకవైపు ఒంటరి చుక్క కనబడిందట. ఆరా తీసి, మధ్యాహ్నం భోజనం వేళ గేటు దగ్గరికి వచ్చాడు.

"బెల్టు వెనక ముందు కిరణ్మయి గారి పేరు, తరవాత గెలిచిన పుణ్యవతి గారి పేరు. మధ్యలో ఈ మేకు గుర్తు మీదేనటగా అండి? కిరణ్మయి గారు సరేనంటే మీ పేరు పెట్టుకోమన్నారు చలపతిరావు గారు. నేను అడగనా?"

"వద్దు తమ్మీ. నేనే అడుగుత."

ఆమెకు పేరు కావాలి. ఇందులో దాపరికమెందుకు? అన్నిసార్లు ఓడిన మనిషికి ఒక్కచోట పేరుండాలని ఉండదా! ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు.

మర్నాడు తొమ్మిదీ పదికి డిటెక్టర్ కుయ్యిమంది. వసంత పరదా లాగేసింది.

"కిరణ్," అంది. మేడమ్ అనలేదు. "బెల్టు చరిత్ర రాస్తున్నరంట. నా పేరు పెడతమంటున్నరు. నువ్వు వద్దంటే వద్దు."

"పెట్టుకోమనండి, నాదేం పోయింది," అంటూ కిరణ్మయి బ్యాగు అందుకుని, పరదా దాకా వెళ్లి ఆగిపోయింది. "ఒక్కసారి అడగలేదు కదక్కా నువ్వు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్లల్ని కూడా చెయ్యి నొక్కి అడిగేదానివి. నన్నే అడగలేదు."

వసంత డిటెక్టర్ కిందికి దించేసింది. "అడగకపోవుడేంది? మూడుసార్లు నొక్కిన! నువ్వే పలకలే!"

"ఏ చెయ్యి?"

వసంత ఆమె కుడి చేతికేసి చూసింది.

"అయ్యో అక్కా! ఆ చేతికి అప్పటికే స్పర్శ లేదు. ఒళ్లు కదల్లేదు గానీ తెలివిలోనే ఉన్నాను. ఎడమ చేతి వేళ్లు ఆడిస్తూనే ఉన్నాను, నువ్వు పట్టుకుంటావని."

వసంత కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది. ఏడేళ్లు! బయట లైనులోంచి ఎవరో, "ఆంటీ, లేటవుతోంది!" అని అరిచారు.

"జర ఆగుండ్రి, కొంపలేం మునగయ్!" అని కసిరి, వసంత గొంతు తగ్గించింది. "ఇంకొకటున్నది కిరణ్. పలకకుంటే లేవాలె. ఆ మాట అందరికి చెప్పింది నేనే. సాయిచంద్ రెండు అన్నడు. ఇగ ఒక్కటే గదా అనిపించింది. బెల్టు యాదికొచ్చింది. నేను లేవలె."

కిరణ్మయి కుడి భుజం తడుముకుంది. చివరికి, "అది కూడా రాయమను. అప్పుడు నాకు సమ్మతమే," అంది. వెళ్లబోతూ ఎడమ చెయ్యి చాపింది. వసంత ఒక్కసారి నొక్కింది. ఆ వేళ్లు తిరిగి నొక్కాయి, నొప్పి పుట్టేంత గట్టిగా.

కిరణ్మయి ఒప్పుకుందని వసంత కబురు పెడితే, మధ్యాహ్నం ఉదయ్ భాస్కర్ ఫోన్ చేశాడు. వరస సంఖ్య, పేరు, ఎన్ని రోజులు అన్న గడులు నింపేశాడట. "ఎలా గెలిచారు" అన్న గడి మిగిలింది.

వసంత నింపాదిగా చెప్పింది. "కిరణ్మయి లేవలేకపోయింది. వసంత లేవగలిగి కూడ లేవలేదు. గట్ల రాయి."

"అలా రాస్తే, చదివినవాళ్లు మిమ్మల్ని తప్పుగా అనుకుంటారేమోనండి."

"అనుకోనీ తమ్మీ," అంది వసంత. "గది రాస్తేనే నా పేరు పెట్టు."