వరండాలో అప్పగించిన ఛార్జి

మద్దిలపాలెంలో ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పే ఆ సెంటర్‌కి పాపను ఎత్తుకునే వెళ్లాను. ఒక్క డెమో క్లాసు బాగా చెబితే ఉద్యోగం నాది. పాప పుట్టాక మానేసిన పాఠాలు మళ్లీ చెప్పగలనో లేదో ఆ గంటలో తేలిపోవాలి. నాకిచ్చిన పాఠం ‘ఐ ఏట్’కీ ‘ఐ హేవ్ ఈటెన్’కీ తేడా. ఉక్కునగరంలో బస్సెక్కింది మొదలు పుస్తకంలోని సూత్రాలు వల్లె వేస్తూనే ఉన్నాను.

మా ఆయనకి ప్లాంటులో పగటి షిఫ్టు. అందుకని అత్తయ్య తోడొచ్చారు. వరండాలో పాపను ఆవిడ ఒళ్లో పెట్టి, అలవాటుగా మొదలుపెట్టాను.

“నిన్న జ్వరం మందు వేశానత్తయ్యా, ఇవాళ అక్కర్లేదు. పాలు పట్టేశాను, మళ్లీ పట్టకండి. డైపర్ మార్చేశాను.”

“ఏటే ఈ సోది? మీ ఆయన డ్యూటీ దిగినప్పుడు ఛార్జి అప్పజెప్పినట్టు సెప్తన్నావు! నాను పిల్లల్ని పెంచలేదేటి? ఎల్లెల్లు.”

లోపల సూత్రాలన్నీ బోర్డు మీద రాశాను. ఎదురుగా పనులు చేసుకుంటూ నేర్చుకోవడానికి వచ్చిన పెద్దవాళ్లు. ఎవరి మొహంలోనూ వెలుగు లేదు. వెనక బెంచీలో కూర్చున్న సెంటర్ యజమాని గడియారం చూసుకున్నారు. అప్పుడే బయట పాప ఏడుపు. కాళ్లు వాటంతటవే తలుపు దాకా వెళ్లాయి.

“పాలు పట్టేశానత్తయ్యా, ఆకలి కాదు! భుజాన వేసుకోండి!”

క్లాసంతా ఘొల్లుమంది. ఇక ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. కానీ వెనక్కి తిరిగేసరికి అత్తయ్య వేళాకోళం గుర్తొచ్చింది. బోర్డు తుడిచేశాను.

“మీలో షిఫ్టు డ్యూటీ ఎవరికి?”

సగం చేతులు లేచాయి.

“నేను బయట మా అత్తగారికి ఛార్జి ఇచ్చి వచ్చాను. నిన్న మందు వేశాను. అది నిన్నటితో అయిపోయింది. ‘ఐ గేవ్ మెడిసిన్ ఎస్టర్‌డే.’ పాలు పట్టేశాను. పట్టడం ఇందాకే అయినా పొట్ట ఇప్పుడు నిండుగా ఉంది. ఆవిడకి ఇప్పుడు కావలసిన కబురు అదే. ‘ఐ హేవ్ ఫెడ్ ద బేబీ.’”

పోర్టులో క్రేన్ నడిపే ఆయన లేచాడు. “మేడమ్, క్రేన్ ఆపేసినాను అని నా తర్వాత డ్యూటీకొచ్చే రిలీవర్‌కి సెప్పాలంటే, ‘ఐ హేవ్ స్టాప్డ్ ద క్రేన్’ అనాలాండి?”

“అంతే. మరి నిన్న రాత్రి ఆపానంటే?”

“‘ఐ స్టాప్డ్ ద క్రేన్ లాస్ట్ నైట్.’ ఇప్పుడు తిరుగుతందో ఆగిందో ఆడే సూసుకోవాల!”

“మీ రిలీవర్ బతికుంటే కదా!” అని పక్కన నర్సమ్మ. మళ్లీ నవ్వులు.

ఆ తర్వాత ఇద్దరిద్దరుగా నిలబడి ఛార్జి ఇచ్చుకున్నారు. నర్సమ్మ పేషెంటుని అప్పగించింది, ఒకావిడ పొయ్యి మీద పప్పుని అప్పగించింది. తప్పు దొర్లితే వాళ్లే పట్టుకున్నారు. నా గొంతు క్లాసు చివరి దాకా వినిపిస్తోందని నాకే తెలిసింది. ఎన్నాళ్లకో!

గంట అయిపోయినా ఎవరూ లేవలేదు. యజమాని మాత్రం లేచి, “సోమవారం నుంచి వచ్చేయండమ్మా,” అన్నారు.

వరండాలోకి దాదాపు పరుగెత్తాను. పాప అత్తయ్య భుజం మీద నిద్రపోతోంది. ఉద్యోగం వచ్చిందని చెప్పిన మరుక్షణమే పాపను వదిలి రావాలన్న భయం తన్నుకొచ్చింది. “సోమవారం నుంచి పాపని...”

“పడుకోబెట్టేసినాను. పాలు పట్టలేదు,” అన్నారావిడ, అచ్చం డ్యూటీ దిగేవాళ్లలా. “బస్సు దాకా నువ్వెత్తుకో. సోమారం నుంచి ఛార్జి నాది.”