నోటికి దూరమైన బత్తాయి

నరసరావుపేటలో ఆసుపత్రుల వీధి మొదట్లో సుభానీ బత్తాయి రసం బండి పెట్టి పంతొమ్మిదేళ్లయింది. కాయను అరచేతిలో ఎత్తి చూసి, తోలు పల్చగా ఉండి బరువు తూగితేనే తీసుకునేవాడు. చేదని తెల్లపొర ఒలిచేసేవాడు, గింజలు నలగకుండా మిషన్ మెల్లగా తిప్పేవాడు. జగ్గు నిండగానే మొదటి గుక్క తనే తాగి, ఉప్పు సరిచూసి అప్పుడు గ్లాసులు నింపేవాడు.

కిందటి వానాకాలం అతని కాళ్లు వాచాయి. రెండు కిడ్నీలూ పాడయ్యాయని, వారానికి రెండుసార్లు డయాలసిస్ తప్పదని డాక్టరు చెప్పాడు.

"బత్తాయి, కమలా, అరటిపండు, కొబ్బరినీళ్లు ముట్టుకోవద్దు. వాటిల్లో పొటాషియం ఎక్కువ, గుండెకే ముప్పు. మంచినీళ్లు కూడా కొలిచి తాగాలి."

"జబ్బు పడ్డోళ్లకి నేను పోసేదే అది గదా సార్! నన్ను తాగొద్దంటే ఏంది?" అన్నాడు సుభానీ. డాక్టరు మళ్లీ అదే మాట చెప్పాడు.

అప్పటినుంచి రుచి చూసే పని భార్య షబీనా మీద పడింది. ఆమె ఏ జగ్గు చూసినా "బానే ఉంది" అనేది. సుభానీకి నమ్మకం కుదిరేది కాదు, కానీ చేసేదేం లేదు.

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం షబీనా ఐసు కోసం వెళ్లింది. రోజూ వచ్చే ఆటో యల్లమంద ఒక గుక్క తాగి ఉమ్మేశాడు.

"ఏంది బాబాయ్, చానా చేదుగా ఉంది! ఎప్పుడు తీసిన రసం ఇది?"

సుభానీ తల కొట్టేసినట్టయింది. ఒక్క చుక్క చూద్దామని జగ్గెత్తాడు. పొద్దుటినుంచి పిడచకట్టిన నోరు. చల్లటి రసం తగలగానే చెయ్యి దిగలేదు. జగ్గు ఖాళీ అయింది.

సాయంత్రానికి కాళ్లు చచ్చుపడ్డాయి, గుండె దడదడలాడింది. యల్లమందే ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అప్పటికప్పుడు డయాలసిస్ చేస్తే ప్రాణం నిలిచింది.

"నన్నేం చేద్దామనుకున్నావయ్యా?" అని ఏడ్చింది షబీనా.

"రుచి కోసమే ఎత్తానే. తర్వాత దాహం ఆగలా" అన్నాడు అతను, ఆమె మొహం చూడలేక.

"తప్పు నాది. చేదంటే పారబోస్తావని, కాయలన్నీ దండగైపోతాయని బావుందనేదాన్ని."

పదిహేను రోజులకు బండి మళ్లీ తెరిచారు. మిషన్ షబీనా తిప్పుతోంది. సుభానీ స్టూలు మీద కూర్చుని కాయలు ఏరుతున్నాడు.

"నాలిక మీద గాదే, మింగినాక గొంతులో చూడు. చేదు ఆలస్యంగా తెలుస్తది."

ఆమె మింగి కాసేపాగింది. "ఉందయ్యా, కొంచెం."

ఆ జగ్గు కాలవలో పోసేసింది. కొత్త రసం తీస్తుంటే తోలు వాసన గుప్పుమంది. సుభానీ నోట్లో నీళ్లూరాయి. నిండిన జగ్గును తన చెయ్యందనంత దూరంలో పెట్టమని తనే చెప్పి, ఇంకో కాయ అందుకున్నాడు.